సవరం రంగు

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని మన సామెత. జుట్టు పలచబడ్డ అమ్మ సంగతి ఆ సామెత చెప్పదు. ఆమె కోసమే మన ఇళ్ళల్లో సవరం ఉండేది. పెళ్ళికో, పేరంటానికో, జాతరకో పోయేముందు పెట్టెలోంచి తీసి, దువ్వి, జడలో కలిపి అల్లుకుని, వచ్చాక మళ్ళీ చుట్టి దాచేవాళ్ళు. దాని పొడవు గురించి, ఒత్తు గురించి అందరూ మాట్లాడతారు. దాని రంగు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. సవరం పెట్టుకున్న సంగతి పక్కవాళ్ళకు తెలుస్తుందా లేదా అన్నది మాత్రం రంగు మీదే ఆధారపడి ఉంటుంది. ఈసారి మా కుటుంబం పేజీలో ఆ రంగు కథ రాస్తున్నాం.

నాందేడ్‌లో మాకు దీనికి రెండు పేర్లు. ఇంట్లో సవరం. పెద్దవాళ్ళ నోట సవురం. బజారుకు పోతే గంగావన్. వజీరాబాద్ దుకాణంలో సవరం ఉందా అంటే అర్థం కాక మొహం చూస్తారు. గంగావన్ అంటే గాజుల పక్కన వేలాడే నల్లటి కుచ్చు తీసి ముందు పెడతారు. ఒకటి తెలుగు మాట, ఒకటి మరాఠీ మాట. వినడానికి ఒకదానికొకటి సంబంధం లేదు. కానీ నిఘంటువులు తిరగేస్తే రెండూ ఒకే జంతువు దగ్గరికి పోతాయి. మన సవరం అన్న మాట చమరం, చామరం అనే సంస్కృత మాటల నుంచి వచ్చింది. దేవుడికి వీచే వింజామర ఉందే, అదే. సవరపు మెకం అంటే చమరీమృగం, హిమాలయాల్లో ఉండే జడలబర్రె. మరాఠీ గంగావన్‌కు కూడా పాత అర్థం ఆ జంతువు తోక వెంట్రుకలనే.

అంటే ఈ రెండు మాటలూ మొదట చెప్పిన వెంట్రుక మనిషిది కాదు, ఎక్కడో మంచుకొండల్లో మేసే జంతువుది. ఆ తోకల్లో నల్లవీ ఉంటాయి, తెల్లవీ ఉంటాయి. తెల్ల తోక దేవుడి చామరానికి బాగుంటుంది గానీ నల్లటి జడలో కలవాలంటే రంగు వేయక తప్పదు. నాటకాల గడ్డాలకు, విగ్గులకు చమరీ వెంట్రుక ఇప్పటికీ వాడతారు. గరుకుగా ఉన్నా అది రంగును బాగా పీల్చుకుంటుంది. కాబట్టి సవరానికి రంగు వేయడం నిన్న మొన్న బ్యూటీ పార్లర్లు తెచ్చిన అలవాటేమీ కాదు.

రెండు పేర్లు ఎలా వచ్చాయంటే

ఈ పేజీ కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. అప్పట్లో ఔరంగాబాద్, బీడ్, పర్భణీ, ఉస్మానాబాద్, నాందేడ్ కలిపి మరాఠ్వాడా. 1948 సెప్టెంబర్ 17 తర్వాత నిజాం పాలన పోయింది. 1956 నవంబర్ 1న మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు మాట ఎప్పటినుంచో ఉంది. ధర్మాబాద్ దాటితే బాసరే. నిజాంకాలంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా పడ్డ రైలుమార్గం నిజామాబాద్, బాసర, ముద్ఖేడ్ మీదుగా నాందేడ్ చేరుతుంది. ఆ రైలెక్కి నేతపని మీద, ఉస్మాన్‌షాహీ మిల్లు పని మీద, కట్టుబడి పనుల మీద మనవాళ్ళు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా పెళ్ళిళ్ళల్లో బాసికం కూడా కడతాం, ముండావళ్యా కూడా కడతాం. జడా వేస్తాం, అంబాడా చుడతాం. రెండింటికీ సవరం కావాలి.

ఇంకో సంగతి. ఈ ఊళ్ళో జుట్టుకు రెండు మర్యాదలున్నాయి. గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే దేహం చాలించారు. ఆ తర్వాత మహారాజా రంజిత్ సింగ్ పూనికతో ఇప్పటి హజూర్ సాహిబ్ కట్టడం లేచింది. సిక్కు ఇళ్ళల్లో వెంట్రుకకు కత్తెర తగలదు. మన ఇళ్ళల్లో బాసరకో, తిరుపతికో, మాళేగావ్ ఖండోబాకో మొక్కుకుని తలనీలాలు ఇస్తాం. వాళ్ళు ఉంచుకోవడంలో భక్తి చూస్తారు, మనం ఇచ్చేయడంలో చూస్తాం. ఇరుగు పొరుగున ఉంటూ ఒకళ్ళ పద్ధతి ఒకళ్ళకు వింతగా తోచక నాలుగు తరాలు గడిచాయి.

ఎవరి జుట్టు వాళ్ళకే

పాతకాలం ఇళ్ళల్లో సవరం కొనేవాళ్ళు తక్కువ. ఎవరి జుట్టుతో వాళ్ళకే చేయించుకునేవాళ్ళు. తలదువ్వుకున్నప్పుడు దువ్వెనకు వచ్చిన చిక్కు పారేయకుండా వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ సందులోనో దూలం మీదనో పెట్టేవాళ్ళు. ఏళ్ళు గడిస్తే ఆ ఉండలు ఒక సంచి నిండేవి. ఊరూరా తిరిగే ఆడవాళ్ళు వచ్చి, చిక్కు తీసి, సమంగా చేసి, ఒక కొసన దారం బిగించి పాయలుగా కట్టి ఇచ్చేవాళ్ళు. కొందరు జుట్టు తీసుకుని గిన్నెలిచ్చి పోయేవాళ్ళు.

చిక్కు తీయడం మాటలు కాదు. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, అది మొదలు నుంచి కొస వైపు వాలి ఉంటుంది. కావాలంటే ఒక వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పొడుగ్గా నలిపి చూడండి, అది మొదలు వైపే జారుతుంది. రాలిన జుట్టులో ఒకదాని మొదలు ఇంకోదాని కొస పక్కన పడుతుంది. పొలుసులు ఎదురెదురుగా పడి పట్టుకుంటాయి. సరిగ్గా చేయని సవరం రెండు పెట్టుకోళ్ళకే ముద్దవడానికి ఇదే కారణం.

ఎవరి జుట్టు వాళ్ళదే అయినప్పుడు రంగు ఇబ్బంది ఎందుకొస్తుంది అనుకోవచ్చు. అక్కడే వస్తుంది. ఇరవై అయిదేళ్ళప్పుడు రాలిన వెంట్రుక ఇరవై అయిదేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. తల మాత్రం నలభై, యాభై, అరవై దాటుతుంది. వెంట్రుక తెల్లబడేది కుదుళ్ళల్లో, రంగు తయారవడం ఆగినప్పుడు. తల నుంచి విడిపోయిన వెంట్రుక ఇక తెల్లబడదు. అందుకే సవరం బాగా అవసరమయ్యే వయసుకు ఆమె తల, ఆమె సవరం రెండు రంగులయ్యేవి. తన వయసులోని జుట్టే తనకు అరువు జుట్టులాగా కనిపించేది.

అప్పుడు రెండే దారులు. సవరంలో తెల్ల వెంట్రుక కలపడం, లేదా తలకు నల్లరంగు వేయడం. పెద్దవయసు ఆడవాళ్ళు చాలామంది మొదటిదే చేసేవాళ్ళు. తెల్లబడ్డాక రాలిన చిక్కును వేరే ఉండగా దాచి, పాత సవరంలో పాయపాయకు కొంచెం కలిపి కట్టించేవాళ్ళు. రంగు అక్కర్లేకుండానే సరిపోయేది.

నలుపు ఎలా పుట్టేది

రంగు వేయాల్సి వస్తే దానికి కావలసినవన్నీ కిరాణా కొట్లోనే దొరికేవి. కరక్కాయ, ఉసిరికాయ, గోరింటాకు, నీలి ఆకు, అన్నభేది, ఒక ఇనుప మూకుడు.

కరక్కాయలో ఉన్న వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. పాతకాలం సిరా అదే, శ్రీకాళహస్తి కలంకారీలో గీసే నల్ల గీత అదే. కలంకారీవాళ్ళు ఇనుపముక్కల్ని బెల్లం నీళ్ళల్లో రోజుల తరబడి పులియబెట్టి ఆ నీళ్ళు వాడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది పడగానే నల్లబడుతుంది. నేతపని, అద్దకం పని తెలిసిన ఇళ్ళకు ఇది కొత్త విద్య కాదు. వెంట్రుక కూడా పట్టు, ఉన్ని లాంటి మాంసకృత్తుల నూలే కాబట్టి దాని మీదా పనిచేస్తుంది. ముందు కరక్కాయ కషాయంలో నానబెట్టి, పిండి, తర్వాత అన్నభేది నీళ్ళల్లో ముంచి, గాలికి ఆరేయాలి. గాలి తగిలిన కొద్దీ నలుపు ముదురుతుంది. ఒక్కసారికి బూడిదరంగు వస్తుంది, రెండు మూడు తడవలకు నలుపు తిరుగుతుంది. అన్నభేది ఎక్కువైతే మాత్రం వెంట్రుక పెళుసుబారి విరుగుతుంది. పాత గుడ్డల్లో నల్ల గీత ఉన్నచోటే ముందు చివికిపోయేది కూడా ఇందుకే.

రెండో పద్ధతి గోరింటాకు, ఆ తర్వాత నీలి ఆకు. గోరింటాకు ఒక్కటే పెడితే ఎరుపు వస్తుంది. దాని మీద నీలి ఆకు పొడి నీళ్ళల్లో కలిపి పట్టిస్తే ముందు పచ్చగా ఉండి, గాలికి నీలమై, కిందనున్న ఎరుపుతో కలిసి నలుపుకు దగ్గరైన రంగు వస్తుంది. ఒక రోజు ఆగితే గానీ అసలు రంగు తెలియదు. గుంటగలగర ఆకు నూనె, ఆముదంలో కలిపిన మసి లాంటివి పైపూతే. నునుపు, మెరుపు ఇస్తాయి గానీ రవికకు, దిండుకు అంటుకుంటాయి.

తలకు వేయడం కన్నా సవరానికి వేయడం ఒకరకంగా సులువు. చర్మం లేదు, మంట లేదు, కళ్ళల్లో పడదు, ఎంతసేపైనా నానబెట్టొచ్చు. ఇంకోరకంగా కష్టం. తల మీది జుట్టుకు కుదుళ్ళ నుంచి జిడ్డు అందుతుంది, సవరానికి అందదు. ప్రతి రంగుకూ అది ఇంకాస్త పొడిబారుతుంది. పోయిన మెత్తదనం మళ్ళీ రాదు.

నలుపులో ఎన్ని నలుపులు

మన జుట్టు నల్లగా ఉంటుందని అందరూ అనేస్తారు. ఒక జడను ఎండలో పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. కుదుళ్ళ దగ్గర చిక్కటి నలుపు, మధ్యలో కాస్త తగ్గి, కొసల దగ్గర ఎర్రటి మట్టిరంగు. ఏళ్ళ తరబడి ఎండ, ఉప్పునీళ్ళు తగిలి కొసలు వెలిసిపోతాయి. సవరం కలిసేది కుదుళ్ళ దగ్గర కాదు, మెడ కిందుగా. కాబట్టి కుదుళ్ళ నలుపును చూసి రంగు వేస్తే సవరం జడలో తాటిపట్టెలా వేరే కనిపిస్తుంది. జడ మధ్య భాగం, కొసలు చూసి రంగు పోల్చాలి.

ఈ పని తెలిసినవాళ్ళు ఇంకో రెండు జాగ్రత్తలు చెబుతారు. ఒకటి, దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద చూసి కొనొద్దు, గడప దాటి ఎండలో చూడాలి. ఒక వెలుతురులో ఒకటే అనిపించిన రెండు నలుపులు ఇంకో వెలుతురులో వేరైపోతాయి. ఒకదాంట్లో నీలం తేలుతుంది, ఒకదాంట్లో ఎరుపు. రెండోది, నూనె పెట్టిన తలను పొడి సవరంతో పోల్చొద్దు. నూనె, తడి రెండూ రంగును ముదురుగా చూపిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద కిటుకు, ఒకే రంగు వేయకపోవడం. పుట్టుకతో వచ్చిన జుట్టులో ఏ రెండు వెంట్రుకలూ అచ్చం ఒకే రంగులో ఉండవు. మూడు నాలుగు ఛాయల పాయలు కలిపి కట్టిన సవరం ఏ జడలోనైనా ఒదిగిపోతుంది.

రంగస్థలం మీద

సవరాన్ని దాచకుండా నలుగురి ముందు పెట్టింది నాటకాలవాళ్ళు. ఇటు తెలుగులో స్థానం నరసింహారావు గారు (1902–1971), అటు మరాఠీలో బాలగంధర్వ (1888–1967), ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ స్త్రీపాత్రలకు ప్రసిద్ధులు. నాందేడ్ తెలుగు ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు రెండు పేర్లూ తెలుసు. కూచిపూడిలో అయితే సత్యభామ జడే ఒక పాత్ర. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) ఆ వేషం కట్టినప్పుడు ఆ జడ నిజంది కాదని చూసేవాళ్ళకు తెలుసు. తెలిసినా ఒప్పుకునేవాళ్ళు. వేదిక మీద దూరం, దీపాల వెలుగు రెండూ రంగు తేడాను కప్పేస్తాయి. పేరంటంలో పక్కన కూర్చుని తాంబూలం అందుకునే ఆమెకు ఆ వెసులుబాటు లేదు. అందుకే నాటకాల టోపు కన్నా ఇంటి సవరానికే రంగు కచ్చితంగా కుదరాలి.

ఎవరి జుట్టో ఎవరికో

ఇంటి చిక్కుతో ఇంటి సవరం అనే పద్ధతి పోయి జుట్టు సరుకైంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలు చేసి వేలం వేస్తుంది. తెల్లజుట్టు వేరే రకం. ఏలూరులో, చెన్నైలో, కర్ణాటకలో కొప్పళ దగ్గర భాగ్యనగర్‌లో జుట్టు బాగుచేసే పని మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి అది దేశాలు దాటిపోతుంది. 2004లో ఇజ్రాయెల్ మతగురువులు హిందూ ఆలయాల జుట్టుతో చేసిన విగ్గులు వాడొద్దని చెప్పడంతో, జెరూసలెంలో, న్యూయార్క్‌లో కొందరు యూదు స్త్రీలు తమ విగ్గులు వీధిలో పెట్టి కాల్చేశారు. ఇక్కడ దేవుడికిచ్చిన మొక్కు అక్కడ ఇంకో మతానికి అడ్డం వచ్చింది.

వ్యాపారంలో రంగు పని పూర్తిగా వేరే. రాలిన జుట్టయితే ముందు ఆమ్లంలో ముంచి ఆ పొలుసుల పొర తీసేస్తారు, చిక్కు పడకుండా. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడుతో నలుపు లాగేసి, కావలసిన రంగు కొత్తగా ఎక్కిస్తారు. ఒక తెలుగు అమ్మాయి నల్లజుట్టు ఎక్కడో బంగారు జుట్టవుతుంది. నలుపు కావాలన్నా చాలాసార్లు అన్ని తలల జుట్టూ కలిపి, ఒకే నలుపు వేస్తారు. దుకాణంలో సవరాలన్నీ ఒకే రంగులో ఉండేది అందుకే. జాతరల్లో చవకగా దొరికే నైలాన్ సవరమైతే అసలు జుట్టే కాదు. దారం తీసేటప్పుడే దానికి రంగు కలిపేస్తారు, ఇంటి రంగు దానికి పట్టదు. దాని రంగు మార్చాలని కూర్చుంటే డబ్బా రంగు, పూట పని రెండూ దండగ.

తలకు వేసే డబ్బా రంగు కథ కూడా పక్కనే ఉంది. 1856లో విలియం పెర్కిన్ తారు నుంచి ఊదారంగు తీశాక రసాయన రంగుల కాలం మొదలైంది. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు జుట్టు రంగు తయారుచేశాడు, దాన్నుంచే లోరియల్ కంపెనీ పుట్టింది. నల్లరంగు డబ్బాల్లో చాలావాటిలో పారాఫినిలిన్ డయమిన్ ఉంటుంది. అది కొందరి ఒంటికి పడదు, దద్దురు, వాపు వస్తాయి. సవరానికే కదా వేస్తున్నాం అని ఉత్త చేతులతో కలపొద్దు, తొడుగు వేసుకోవాలి. వేశాక నీళ్ళు తెల్లగా పోయేదాకా కడగాలి, లేకపోతే మెడ దగ్గర అంటుకుంటుంది.

డబ్బా రంగు ఇంటింటికీ వచ్చాక లెక్క తిరగబడింది. వెనక సవరం రంగును తలకు సరిపెట్టేవాళ్ళు. ఇప్పుడు కొన్న సవరం నలుపు చూసి తలకు రంగు వేసుకుంటున్నారు. పదిహేను రోజులకు కుదుళ్ళు తెల్లగా కనిపిస్తాయి, మళ్ళీ వేయాలి. కాన్సర్ మందులతో జుట్టు పోయినవాళ్ళకు మాత్రం ఈ రంగు పోల్చే విద్య వేరే విలువ తెచ్చింది. వైద్యం మొదలుకాక ముందే ఒక చిన్న పాయ కత్తిరించి పెట్టుకుంటే, విగ్గు చేసేవాళ్ళు దాన్ని చూసి రంగు కలుపుతారు. ఇది తెలిసి ఉండటం మంచిది. ఎవరికైనా అవసరపడొచ్చు.

మా పెట్టెలోని సవరం

మా ఇంట్లో బాపమ్మ సవరం ఒకటి ఉంది. ఆమె సొంత చిక్కుతో చేయించుకున్నది. మొన్న ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడు అది పెట్టెలోంచి బయటికి వచ్చింది. పిల్ల జుట్టు చిక్కటి నలుపు, సవరం కాస్త ఎర్ర ఛాయ. పార్లరులో రంగు వేస్తే అరగంటలో కలిసిపోతుందన్నారు. ఇంట్లో రెండు మాటలయ్యాయి. వాడుకోవడానికే కదా ఆమె చేయించుకున్నది, పెట్టెలో పెట్టి ఏం చేస్తాం అని ఒక మాట. వేయొద్దని ఇంకో మాట.

రెండో మాటకు కారణం ఇది. బాపమ్మ ఫోటోలు మా దగ్గర రెండే ఉన్నాయి, రెండూ నలుపు తెలుపువే. మేం ఎరిగేనాటికి ఆమె తల ముగ్గుబుట్ట. ఆమె జుట్టు ఏ రంగులో ఉండేదో చెప్పగలిగింది ఇక ఆ సవరం ఒక్కటే. ఏళ్ళు పడితే నల్ల వెంట్రుక కూడా కొంచెం వెలిసి ఎరుపు తిరుగుతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా. అయినా అది ఆమెదే. దాని మీద ఒకసారి డబ్బా రంగు పడితే వెనక్కి రాదు.

చివరికి పాతపద్ధతే పనికొచ్చింది. ఆ సవరానికి రంగు వేయలేదు. ఛాయలు కలిసిన ఇంకో చిన్న సవరం తెచ్చి, దాన్ని పైకి, బాపమ్మదాన్ని లోపలికి పెట్టి అల్లాం. మీద పూలజడ వచ్చింది, కింద జడకుచ్చులు వచ్చాయి. ఎరుపు నలుపు తేడా ఎవరికీ కనపడలేదు. పెళ్ళిపిల్ల జడలో ముత్తవ్వ జుట్టు ఉందని మా వాళ్ళకు తెలుసు, అది చాలు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. అట్టపెట్టె అడుగున, పాత పట్టుచీర మడతలో చూడండి. దొరికితే గోరువెచ్చటి నీళ్ళల్లో కుంకుడు రసంతో మెల్లగా కడిగి, నీడన ఆరబెట్టండి. నూనె పెట్టి దాచొద్దు, ముక్కిపోతుంది. ఉన్నిని తినే పురుగు వెంట్రుకనూ తింటుంది, కాబట్టి నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు పక్కన పెట్టి, ఏడాదికి రెండుసార్లు విప్పి చూడండి. ఎవరిదో ఒక చీటీ మీద రాసి దానితో పాటే పెట్టండి. పిల్లల పెళ్ళిళ్ళకు వాడుకోండి. రంగు మాత్రం కొన్నదానికి వేయండి, దానికి వద్దు.